వాయవ్యంలో రెండో తలుపు: తిరుపతిలో 40 అంకణాల ఇంటి ప్లాన్

కొత్త ఇంటి ప్లాన్ పని మీద తిరుపతి కొర్లగుంటలోని ఆ అద్దె ఇంటికి నేను మొదటిసారి వెళ్లినప్పుడు వంటింటి గోడకు టీటీడీ క్యాలెండర్ వేలాడుతోంది. కొన్ని తేదీల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. సున్నాల పక్కన చిన్న అక్షరాలతో 'రాయచోటి 5', 'మదనపల్లె అక్క 3', 'హైదరాబాద్ 7' అని రాసి ఉంది. ఇవేంటమ్మా అని అడిగాను.

"కొండకు వచ్చిన చుట్టాలు సార్. ఎవరొచ్చినారో, ఎంతమందో రాసి పెట్టుకుంటా. నెల సామాను తెచ్చుకునేటప్పుడు పనికొస్తుంది" అన్నారు ఆ ఇంటావిడ.

అది డిసెంబరు మొదటి వారం. జనవరి నుంచి నవంబరు దాకా పేజీలు తిప్పి లెక్కపెట్టాను. 58 సున్నాలు. బ్రహ్మోత్సవాలప్పుడైతే ఒక రాత్రి తొమ్మిది మంది. ఏడుగురున్న ఇంట్లో ఒకటే స్నానాల గది.

ఆ కుటుంబం అప్పటికే ఒక ప్లాన్ తెచ్చుకుంది. ఫోన్‌లో దొరికిన 30×48 తూర్పు ముఖం ప్లాన్ అది. కొలతలు బాగానే ఉన్నాయి, గదులు వాస్తు ప్రకారమే ఉన్నాయి. కానీ ఆ 58 రాత్రులకు అందులో చోటు లేదు. తిరుపతిలో 18 ఏళ్లుగా ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను. ఈ ఊళ్లో ఇల్లు కట్టుకునేవాళ్లు మరిచిపోయేది దాదాపు ప్రతిసారీ ఇదే. కొండ కింద ఉన్న ఇల్లు చుట్టాలకు సత్రం లాంటిది. అర్ధరాత్రి సుప్రభాత సేవకు బయల్దేరేవాళ్లు, తెల్లవారుజామున రైలు దిగేవాళ్లు, గుండు చేయించుకుని తడి బట్టల సంచితో వచ్చేవాళ్లు, అందరూ ఒకే గడప దాటి హాల్లోకి రావాలి. ఆ హాల్లోనే పిల్లలు నిద్రపోతుంటారు.

స్థలం, మనుషులు

స్థలం తిరుపతి రూరల్‌లో, అవిలాల వైపు ఒక లేఅవుట్‌లో ఉంది. తూర్పున 30 అడుగుల రోడ్డు. ఉత్తర దక్షిణాలు 30 అడుగులు, తూర్పు పడమరలు 48 అడుగులు, మొత్తం 1,440 చదరపు అడుగులు. మా వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులు కాబట్టి సరిగ్గా 40 అంకణాలు. నెల్లూరు వైపు అంకణం 72, ఆ లెక్కతో దీన్ని పోల్చుకోకండి. ఉత్తరం వైపు స్థలం ఖాళీగా ఉండడం వల్ల అక్కడ నిలబడితే శేషాచలం కొండలు పూర్తిగా కనిపిస్తాయి.

యజమాని ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన, భార్య, ఆయన తల్లి, కొడుకు, కోడలు, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. అవ్వకు 78 ఏళ్లు. కర్ర పట్టుకుని నడుస్తారు. దూరమైతే వీల్‌చైర్ కావాలి. కొడుకుకు రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ కంపెనీలో షిఫ్టు డ్యూటీ. నెలలో సగం రోజులు ఉదయం ఏడింటికి ఇంటికొచ్చి, ఎనిమిది నుంచి రెండు దాకా పడుకోవాలి. కోడలు ఆస్పత్రిలో నర్సు, ఆమెకూ షిఫ్టులే.

గదుల లెక్క అడగడానికి ముందు నేను ఇంట్లో అందరినీ గంటల లెక్క అడుగుతాను. ఒక పెద్ద కాగితం మీద ఉదయం నాలుగు నుంచి రాత్రి పన్నెండు దాకా గడులు గీసి, ఏ గంటకు ఎవరు ఏం చేస్తారో వాళ్ల చేతనే రాయిస్తాను. ఇక్కడ అలా రాయిస్తే ఉదయం ఎనిమిది గడిలో ఏడు పనులు వచ్చి పడ్డాయి. పాప స్కూలు బస్సు, కోడలి డ్యూటీ, మిక్సీ, టీవీలో భక్తి కార్యక్రమం, అవ్వ స్నానం, కొడుకు నిద్ర, ఎవరైనా వచ్చి ఉంటే వాళ్ల టిఫిన్లు. ఇన్నాళ్లూ ఇంట్లో చికాకులు ఎందుకొస్తున్నాయో ఆ ఒక్క గడి చూస్తే అర్థమవుతుంది. కోడలు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "నేను గొణుగుతానని అందరూ అంటారు సార్, చూడండి మరి" అన్నది. అత్తగారు ఏమీ మాట్లాడలేదు గానీ ఆ కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టుకున్నారు.

ఆ రెండో తలుపు

నా మొదటి ప్లాన్‌లో చుట్టాల గది వాయవ్యంలో వచ్చింది. అతిథులకు వాయవ్యం అనేది పాత మాటే కాబట్టి అక్కడ ఎవరికీ పేచీ లేదు. గదికి ఉత్తరం గోడలో, బయట సందులోకి, ఒక తలుపు పెట్టాను. గేటు తీసుకుని సందులోంచి నేరుగా గదిలోకి వచ్చేయొచ్చు. పక్కనే వాళ్ల స్నానాల గది, దానికి ఆనుకుని విడిగా లెట్రిన్. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు గుమ్మంలో నిలబడి ఎదురుచూడాల్సిన పని లేదు. రాత్రి ఒంటిగంటకు ఆరుగురు లేచి తయారై వెళ్లినా హాల్లో లైటు వెయ్యనక్కర్లేదు.

ఇంతలో బేస్‌మట్టం, అంటే ఇంటి నేల మట్టం, ఎత్తు దగ్గర చిక్కు వచ్చింది. 2021 నవంబరు వానలకు తిరుపతిలో పల్లపు కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో ఇక్కడున్న వాళ్లెవరూ మరిచిపోలేదు. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపల వస్తాయి. పైగా రోడ్డు వేసిన ప్రతిసారీ నాలుగంగుళాలు పైకి లేస్తుంది. అందుకని బేస్‌మట్టం రోడ్డుకన్నా రెండున్నర అడుగులు ఎత్తు పెడదామన్నాను. అంటే ఐదు మెట్లు. "మరి మాయమ్మ?" అన్నారు యజమాని.

వీల్‌చైర్ ర్యాంప్‌కు అడుగుకు అంగుళం కన్నా ఎక్కువ వాలు ఉండకూడదు. 30 అంగుళాలు ఎక్కాలంటే 30 అడుగుల పొడవు కావాలి. ఇంటి ముందు వదిలింది తొమ్మిది అడుగులే. చాలామంది ఇక్కడే రాజీపడి, ముందువైపు ఆరడుగుల ర్యాంప్ ఒకటి నిట్టనిలువుగా పోయిస్తారు. అది స్కూటర్ ఎక్కించుకోవడానికి పనికొస్తుంది, మనిషిని కూర్చోబెట్టి తోయడానికి పనికిరాదు. దిగేటప్పుడు ఇంకా ప్రమాదం.

ఆ పొడవు ఉన్నది ఉత్తరపు సందులో. చుట్టాల కోసం పెట్టిన దారే అవ్వకూ సరిపోతుంది. సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో, గోడలూ కప్పులూ రాకూడదు కాబట్టి ర్యాంప్ అని విడిగా ఏమీ కట్టకుండా సందు నేలనే వాలుగా పోద్దామనుకున్నాం.

అప్పుడు సిద్ధాంతి గారు వచ్చారు. ప్లాన్ చూసి, వేలు సరిగ్గా ఆ తలుపు మీద పెట్టారు. "ఇది ఉత్తర వాయవ్యం. నీచ స్థానం. ఇక్కడ ద్వారం పెట్టకూడదు" అన్నారు. వాస్తు తెలిసిన వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. వాయవ్యంలో తలుపు కావాలంటే పడమర గోడకే పెట్టాలి, పశ్చిమ వాయవ్యం ఉచ్చం. నాకు మొదట కోపం వచ్చిందని ఒప్పుకుంటాను. ప్లాన్ అంతా ఆ తలుపు చుట్టూ అల్లుకున్నాను మరి. కానీ ఇంట్లో ఉండేది వాళ్లు. మనసులో ముల్లు పెట్టుకుని ఆ తలుపు వాడలేరు. రెండు రోజులు గడువు అడిగాను.

తలుపు పడమరకు జరపాలంటే ర్యాంప్ వాయవ్య మూల తిరగాలి. వీల్‌చైర్ తిరగడానికి ఐదడుగుల చదరం కావాలి. నేను ఉత్తరాన నాలుగున్నర, పడమర నాలుగు అడుగులే వదిలాను. కాబట్టి ఇంటిని ఒక అడుగు తూర్పుకు జరిపి, వెడల్పు అర అడుగు తగ్గించాను. చివరికి ఉత్తరం 5, పడమర 5, దక్షిణం మూడున్నర, తూర్పు 8 అడుగుల ఖాళీ మిగిలింది. ఇల్లు 21.5×35, అంటే కింద సుమారు 750 చదరపు అడుగులు. హాల్లో అర అడుగు పోయింది. దానికి బదులు దక్కింది చూడండి. గేటు నుంచి మూల దాకా ఇప్పుడు వాలుకు 40 అడుగులు దొరికింది. అడుగుకు అంగుళం ఉన్న వాలు అడుగుకు ముప్పావు అంగుళానికి తగ్గింది. మూల దగ్గర చదునైన చోటు వచ్చింది, తలుపు తీసేటప్పుడు కుర్చీ వెనక్కి జారదు. తలుపు రోడ్డుకు కనిపించకుండా ఇంటి వెనక్కి వెళ్లింది. వాననీళ్లు పడమర నుంచి తూర్పుకు, ఈశాన్యంలో తవ్విన ఇంకుడు గుంతలోకి దిగుతాయి. ఈశాన్యం పల్లంగా ఉండాలన్న సిద్ధాంతి గారి మాటా నిలబడింది. ఆయన అభ్యంతరం వల్ల నా ప్లాన్ మెరుగైంది. ఈ మాట ఆయనతో కూడా చెప్పాను.

ఒక జాగ్రత్త. నేలను గోడకు ఆనించి ఎత్తుగా పోస్తే గోడ తేమ పీలుస్తుంది. బేస్‌మట్టం గోడకు బయటివైపు వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ చేయించి, మట్టికి బదులు గ్రావెల్ నింపి, కాంపౌండ్ గోడకు అడుగున నీళ్లు పోయే పైపులు పెట్టించాం. కాంపౌండ్ గోడ పునాది కూడా ఆ నింపుడు బరువుకు తగ్గట్టు లోతుగా వేయాలి. దీన్ని మేస్త్రీకి వదిలేస్తే మామూలు ప్రహరీ లాగే కట్టేస్తాడు.

ముగ్గు మీద నడక

పునాదులు తవ్వే ముందు స్థలంలో ముగ్గుతో గదులన్నీ గీయించి, గోడలున్నచోట ఒక వరస ఇటుకలు పేర్పించాను. తలుపులున్న చోట ఇటుకలు తీసేశాం. అద్దె వీల్‌చైర్ ఒకటి తెప్పించి అవ్వను కూర్చోబెట్టాం. మునిమనవరాలు తోసింది. ఉత్తరపు గీత వెంట వెళ్లి, మూల తిరిగి, చుట్టాల గదిలోంచి నడవాలోకి వచ్చి, అవ్వ గది దాకా బాగానే వెళ్లారు. స్నానాల గది దగ్గర ఇటుకలు పడిపోయాయి. నేను గీసిన తలుపు రెండున్నర అడుగులు. మామూలుగా అందరూ పెట్టే కొలత అది. చక్రం తోసే చేతుల వేళ్లు రెండు వైపులా గోడకు ఒరుసుకుంటాయి. మూడడుగులు చేశాను. తలుపు లోపలికి తెరుచుకునేది కాస్తా బయటికి తెరుచుకునేలా మార్చాను. లోపల మనిషి పడిపోతే తలుపుకు అడ్డంగా పడతారు, అప్పుడు లోపలికి తెరవడం ఎవరి వల్లా కాదు. ఇన్నేళ్ల నుంచి ప్లాన్లు గీస్తూ ఈ సంగతి ఆ రోజు ఆ ఇటుకలు పడ్డాకే నాకు గట్టిగా తట్టింది. అంతకు ముందు నేను గీసిన ఇళ్లలో పెద్దవాళ్లున్నవి ఎన్నో. వాటిలో నాలుగిళ్లకు తర్వాత ఫోన్ చేసి, ఆ తలుపులు తిప్పించుకోమని చెప్పాను.

అవ్వ గది నైరుతిలో వచ్చింది. పిల్లలిద్దరూ అవ్వ దగ్గరే పడుకుంటారు. యజమాని దంపతులకు పై అంతస్తులో నైరుతి, కొడుకు కోడళ్లకు పైన వాయవ్యం. కింద ఆగ్నేయంలో వంటిల్లు, పైన వాయవ్యంలో పగటి నిద్ర. ఇంట్లో ఇంతకన్నా దూరమైన రెండు చోట్లు లేవు. మిక్సీ మోత అక్కడిదాకా వెళ్లదు. ఎండ మాట వేరే. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో 40 డిగ్రీలు దాటుతుంది, పై అంతస్తు పడమర గది మధ్యాహ్నానికి పొయ్యి అవుతుంది. అందుకని ఆ గది పడమర గోడ పొడవునా బాత్రూమూ బట్టల అల్మారాలూ పెట్టి, ఎండ వాటి మీద పడేలా చేశాను. మంచం ఉత్తరపు కిటికీ వైపు. కిటికీ మీద సన్‌షేడ్ రెండడుగులు. టెర్రస్ మీద తెల్లటి కూల్ రూఫ్ టైల్స్. ఈ ఖర్చు వద్దని యజమాని అన్నారు గానీ కొడుకు పట్టుబట్టాడు.

మెట్ల దగ్గర తండ్రీ కొడుకులకు పడలేదు. కొడుకుకు బదిలీ అయితే పై అంతస్తు అద్దెకిచ్చుకునేలా మెట్లు బయట ఉండాలని తండ్రి. వానలో తడుస్తూ పిల్లలు పైకి కిందికి తిరగాలా అని కొడుకు. మెట్లను దక్షిణపు గోడ వెంట లోపలే పెట్టి, కింద మూడడుగుల చిన్న లాబీ ఇచ్చాను. లాబీకి రెండు తలుపులు, ఒకటి హాల్లోకి, ఇంకొకటి దక్షిణపు సందులోకి. ఇవాళ సందు తలుపుకు గడియ. రేపు అద్దెకిస్తే హాలు తలుపుకు గడియ. పది అడుగుల ఎత్తుకు 18 మెట్లు, ఒక్కోటి ఆరున్నర అంగుళాలు దాటి ఏడు లోపల. తేలిగ్గా ఎక్కొచ్చు.

సంగటి గట్టు

వంటింటి గురించి ఆ ఇంటావిడ ఒకే ఒక్క కోరిక కోరారు. "సంగటి కెలకడానికి కింద కూర్చోలేకపోతున్నా సార్."

ఒకరోజు మధ్యాహ్నం పనిగట్టుకుని వెళ్లి చూశాను. అన్నం ఉడికాక రాగిపిండి పోసి, కాసేపు మగ్గనిచ్చి, గిన్నె దించి నేల మీద పెట్టారు. పీట మీద కూర్చుని, రెండు పాదాలకు గుడ్డ చుట్టుకుని గిన్నెను ఆ పాదాలతో పట్టి, కట్టెతో కెలికారు. భుజం నుంచి నడుము దాకా ఒళ్లంతా ఆ కట్టె వెంట తిరుగుతుంది. లేచేటప్పుడు గోడ పట్టుకుని లేచారు. గిన్నెను పొయ్యి గట్టు మీదే ఉంచి, నిలబడి కెలకొచ్చు కదా అనిపిస్తుంది. గట్టు 32 అంగుళాలు, పొయ్యి ఆరు, గిన్నె పది. గిన్నె అంచు ఆవిడ గుండె దాకా వస్తుంది. అక్కడ కట్టెకు బలం అందదు.

కాబట్టి గట్టు చివర రెండడుగుల మేర 18 అంగుళాల ఎత్తులో ఒక కింది గట్టు కట్టించాం. గిన్నె అంచు 28 అంగుళాల దగ్గర, అంటే ఆవిడ తొడ దగ్గర ఉంటుంది. నిలబడి, కాస్త వంగి, పై నుంచి బరువు వేసి కెలకొచ్చు. దాని మీద గ్రానైట్ వేయలేదు, గిన్నె జారుతుంది. గరుకు కడప రాయి వేసి, గోడవైపు గిన్నె ఆనుకునేలా అర్ధచంద్రంలా ఒక అంచు లేపాం. గిన్నెల కొలత కోసం వాళ్ల మూడు సంగటి గిన్నెలు ఆఫీసుకు తెప్పించుకున్నాను. ఇంటికంతా కలిపి చూస్తే ఇది చాలా చిన్న పని. గృహప్రవేశం నాడు వచ్చిన ఆడవాళ్లందరూ చూసింది మాత్రం దాన్నే. ఇద్దరు అక్కడికక్కడే జానతో కొలుచుకున్నారు.

పూజ గది హాలు ఈశాన్య మూలలో చిన్నదే. సంపు ఆరువేల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్లన్న లెక్కన ఇంటివాళ్లకే దాదాపు వెయ్యి లీటర్లు, చుట్టాలొస్తే రెండింతలు. మే నెలలో గంగమ్మ జాతరకు ముందు వాకిట్లో పొంగళ్లు పెట్టుకునేందుకు కారు నిలిపే చోటే సరిపోతుంది, ఆ నాలుగు రోజులు కారు రోడ్డు మీద.

ఏడాది తర్వాత

గృహప్రవేశమైన ఏడాదికి మళ్లీ వెళ్లాను. కొత్త క్యాలెండర్ కొత్త వంటింట్లో ఉంది. సున్నాలు తగ్గలేదు, 70 దాకా ఉన్నాయి. ఇల్లు పెద్దదైందని తెలిసి ఇంకా ఎక్కువమంది వస్తున్నారట. కానీ కొడుకు నిద్ర చెడలేదు. చుట్టాల గది తాళంచెవి ఒకటి వాళ్లు పాలాయన దగ్గర ఉంచుతారు. తెల్లవారుజామున రైలు దిగినవాళ్లు ఎవరినీ లేపకుండా గదిలోకి వెళ్లి పడుకుంటున్నారు.

నేను తప్పు చేసిన చోటు బట్టలు. ఆరుగురు చుట్టాలంటే ఆరు జతల తడి బట్టలు, తువ్వాళ్లు. నేను దండెం సంగతే ఆలోచించలేదు. పై అంతస్తు ఉత్తరపు బాల్కనీని కొండ కనిపించాలని ఎంతో ఇష్టంగా గీశాను. రాత్రిపూట అక్కడ నిలబడితే ఘాట్ రోడ్డు దీపాలు వరసగా కనిపిస్తాయి. నేను వెళ్లినరోజు ఆ రెయిలింగ్ పొడవునా పంచెలూ చీరలూ ఆరేసి ఉన్నాయి, వెనక కొండ లేదు. ఇప్పుడు పడమర సందులో, చుట్టాల తలుపు దాటాక, గోడకు మడిచే దండెం ఫ్రేములు మూడు పెట్టిస్తున్నాం. అక్కడ మధ్యాహ్నం ఎండ బాగా పడుతుంది. మొదటి ప్లాన్‌లోనే ఉంటే దానికి సిమెంటు దిమ్మెలు వేయించి ఉండేవాడిని, ఇప్పుడు గోడ తొలిచి బిగించాలి. చుట్టాల గదిలో చాపలకూ పరుపులకూ అటక సరిపోయింది గానీ సూట్‌కేసులకు చోటు చాలలేదు. మంచం కింద పెడుతున్నారు.

అవ్వ సాయంత్రాలు వాయవ్య మూల ఆ చదును చోటులో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఉత్తరం స్థలం ఖాళీ కాబట్టి అక్కడి నుంచి కొండ కనిపిస్తుంది. నేను వెళ్లేసరికి చింతపండు గింజలు తీస్తున్నారు. "పక్కన ముగ్గు పోసినారు నాయనా. వాళ్లు కట్టేస్తే నాకు కొండ కనపడదు గదా" అన్నారు.

పక్క స్థలంలో నిజంగానే ముగ్గు ఉంది. రెండంతస్తులు కడతారట. పైన బాల్కనీ నుంచి అప్పుడైనా కొండ కొంత కనిపిస్తుంది. మెట్లకు ఇప్పుడు ఒకవైపే కడ్డీ ఉంది, గోడవైపు కూడా ఇంకొకటి బిగించమని, మధ్య ల్యాండింగ్‌లో మడిచే బల్ల ఒకటి పెట్టమని వెల్డర్‌కు కొలతలు ఇచ్చాను. తొమ్మిది మెట్లెక్కి అవ్వ అక్కడ కాసేపు కూర్చోవచ్చు, తర్వాత ఇంకో తొమ్మిది.